పదకొండో మెట్టు

ఇంట్లో సిగ్నల్ అందక డాబా ఎక్కి మాట్లాడే ఊళ్ళు మెట్ట కృష్ణాలో ఇంకా ఉన్నాయి. ఇంటి వైఫై మీదుగా మామూలు ఫోన్ కాల్ మాట్లాడుకునే వీలు ఆ ఇళ్ళలోని ఫోన్లలో ఏళ్ళ తరబడి ఉంది. దాన్ని ఆన్ చేసే చెయ్యే లేదు.

నందిగామ నుంచి చందర్లపాడు వెళ్ళే దారిలో ఒక ఊళ్ళో మా పెద్దమ్మ ఇల్లు. డాబా మీదికి బయటినుంచి మెట్లు. మొత్తం పందొమ్మిది. వాటిలో పదకొండోది మా చుట్టాలందరికీ తెలుసు. ఫోను వస్తే పెద్దమ్మ చేతిలో పని వదిలేసి ఆ మెట్టు మీదికెళ్ళి కూర్చునేది. పదో మెట్టు మీద మాట తెగిపోతుంది. పన్నెండు దాటితే ఎండ. పదకొండో మెట్టు దగ్గర పక్కింటి వేపచెట్టు నీడ, రెండు గీతల సిగ్నల్, రెండూ దొరుకుతాయి.

ఫోను ఉండే చోటు వేరు. పడమటి గది కిటికీ ఊచకు వేలాడదీసిన గుడ్డసంచిలో. అక్కడుంటే మోగడమైనా మోగుతుంది. ఎత్తి రెండు మాటలు అనేలోపే అవతలి గొంతు ముక్కలైపోతుంది. "ఉండరా అబ్బాయ్, మెట్లెక్కుతున్నా!" ఏళ్ళపాటు మా మాటలన్నీ ఇలాగే మొదలయ్యాయి. ఆ తర్వాత కాసేపు చెప్పుల చప్పుడు, ఆయాసం, గాలి హోరు. ఆమెకు డెబ్బై దాటాయి. మోకాళ్ళు అరిగాయి, మెట్లు ఎక్కొద్దని డాక్టరు చెప్పాడు. నేను ఫోన్ చేస్తే ఆమె మెట్లెక్కాలి. అందుకని వారానికి రెండుసార్లు చేసేవాణ్ణి ఒకసారికి తగ్గించాను. ఆమె మంచికే అనుకున్నాను. ఆమె మాత్రం "ఈమధ్య వాడికి మేం గుర్తు రావట్లేదు" అని మా అమ్మతో అందట.

2024 సంక్రాంతికి వెళ్ళాను. మనవడి చదువు కోసమని అప్పటికే ఇంటికి ఫైబర్ నెట్ పెట్టించారు. మధ్యగదిలో, దేవుడి పటాల పక్కన, రూటరు దీపాలు మిణుకుమిణుకుమంటున్నాయి. నా ఫోనుకు ఆ వైఫై పెట్టుకుని మంచం మీద నడుం వాల్చాను. ఇంతలో ఆఫీసు నుంచి కాల్ వచ్చింది. వాట్సాప్ కాల్ కాదు, మామూలు కాల్. అలవాటు ప్రకారం లేచి మెట్ల వైపు నడవబోయాను. అవతలి గొంతు పక్కనే కూర్చుని మాట్లాడుతున్నంత స్పష్టంగా ఉంది. తెర మీద చూస్తే సిగ్నల్ గీతలు ఒక్కటీ లేవు. వాటి చోట వైఫై గుర్తు పక్కన చిన్న ఫోన్ బొమ్మ.

అప్పుడు వెలిగింది. నా ఫోన్లో వైఫై కాలింగ్ ఎప్పుడో ఆన్ చేసి మరిచిపోయాను. పెద్దమ్మ ఫోను తీసుకుని సెట్టింగ్స్‌లో వెదికాను. అందులోనూ ఉంది. ఆఫ్‌లో ఉంది. ఆన్ చేసి నా ఫోను నుంచి ఆమెకు కాల్ చేశాను. మోగగానే కొంగు దోపుకుని గుమ్మం వైపు కదిలింది. చెయ్యి పట్టుకుని ఆపాను. "కూర్చో పెద్దమ్మా, ఇక్కడే మాట్లాడు."

నేను వంటింట్లోకి వెళ్ళి మాట్లాడాను. ఆమె మంచం మీదే కూర్చుని విన్నది. ఒక్క అక్షరం తెగలేదు. ఫోను పెట్టేశాక అడిగింది: "ఇంట్లో కూర్చునే మాట్లాడొచ్చంటే, ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదేంరా?"

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

చివరి భూములు

కృష్ణా జిల్లా అనగానే బయటివాళ్ళకు కాలువలు, వరిచేలు, కొబ్బరిచెట్లు కళ్ళముందు కదులుతాయి. అది డెల్టా. మాది మెట్ట. 2022 ఏప్రిల్ 4 నుంచి కాగితాల మీద ఎన్టీఆర్ జిల్లా అయినా, నందిగామ, జగ్గయ్యపేట వాళ్ళం మాది మెట్ట కృష్ణా అనే చెప్పుకుంటాం. పత్తి, మిరప, సుబాబుల్ మా పంటలు. సాగర్ ఎడమ కాలువ మా దాకా వచ్చేసరికి చివరికొచ్చేస్తుంది. 'టెయిల్ ఎండ్' అన్న ఇంగ్లీషు మాట ఇక్కడ బడి ముఖం చూడని రైతు నోట కూడా వినిపిస్తుంది. లెక్కల్లో ఆయకట్టే, చేలోకి మాత్రం నీళ్ళు ఆఖరున వస్తాయి, వస్తే.

సెల్ సిగ్నల్ కూడా మా దగ్గర టెయిల్ ఎండ్‌లాంటిదే. హైదరాబాద్-విజయవాడ జాతీయ రహదారి 65 వెంట టవర్లు దగ్గర దగ్గరగా కనిపిస్తాయి. ఆ రోడ్డు దిగి కృష్ణ ఒడ్డు వైపు వెళ్ళేకొద్దీ పలచబడతాయి. కంపెనీ మ్యాపులో ఊరంతా రంగు పులిమి ఉంటుంది. ఆ రంగు వీధికి వర్తిస్తుంది, వంటింటికి కాదు.

ఇళ్ళు మారడం ఇంకో కారణం. మా చిన్నప్పటి పెంకుటిళ్ళలో తరంగం చొరబడడానికి సందులుండేవి. ఇప్పుడన్నీ డాబాలు. స్లాబులో అడ్డంగా, నిలువుగా అల్లిన ఇనుప చువ్వల వల ఉంటుంది. 850 మెగాహెర్ట్జ్ మీద నడిచే తరంగం పొడవు సుమారు 35 సెంటీమీటర్లు. గోడలను అది కొంత నయంగా దాటుతుంది. 2300 మెగాహెర్ట్జ్ తరంగం 13 సెంటీమీటర్లే. ఎక్కువ డేటా మోయడానికి కంపెనీలు ఆ పై బ్యాండ్ల మీద ఎక్కువగా ఆధారపడతాయి. అవి దూరం తక్కువ పోతాయి, గోడ దగ్గర త్వరగా అలిసిపోతాయి. జగ్గయ్యపేట వైపు నేలంతా సున్నపురాయి. జయంతిపురం, ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీలు నిలబడింది ఆ రాయి మీదే. మా నేల సిమెంటే మా నెత్తిన స్లాబై, మా ఫోను మాటకు అడ్డం నిలబడిందని తలుచుకుంటే మనసు ఒకలా ఉంటుంది.

ఇంట్లో వైఫై తరంగం మాత్రం గోడలను జయిస్తుందా? లేదు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు. టవరు తరంగం కన్నా ఇంకా పొట్టిది. కానీ అది గోడకు ఇవతలే పుట్టింది. మూడు కిలోమీటర్ల అవతలి నుంచి రానక్కర్లేదు, మూడు గదులు దాటితే చాలు.

కాలువ నీళ్ళు అందని రైతు ఏం చేస్తాడు? సొంత చేలో బోరు వేసుకుంటాడు. వైఫై కాలింగ్ ఆ బోరు. పైపూ మనదే, మోటారూ మనదే, కరెంటూ మనదే. ఆ ఖర్చు సంగతి తర్వాత చెబుతాను.

స్తంభాల మీద వచ్చిన తీగ

ఒక తరం వెనక మా ఇళ్ళలో ఫోనుకు చోటుండేది. నందిగామ కోడ్ 08678, జగ్గయ్యపేట కోడ్ 08654. హాల్లో చిన్న బల్ల, దాని మీద కుట్టుపని గుడ్డ, ఆ పైన ల్యాండ్‌లైన్. ఫోను వస్తే ఇంట్లో అందరూ చుట్టూ చేరేవాళ్ళు. అది ఇంటి మాట. సెల్ వచ్చి మాటను చేతిలో పెట్టింది, ఆ వెంటే ఇంట్లోంచి బయటికి నడిపించింది. వాకిట్లోకి, సందు మొగలోకి, డాబా మీదికి. ఊళ్ళో ఎవరి కష్టం ఏమిటో డాబాల మీది గొంతుల్ని బట్టి పక్కవాళ్ళకు తెలిసిపోయేది. ఆడపిల్ల పుట్టింటికి ఫోన్ చేసి ఏడవాలన్నా చోటు లేకపోయింది. దీన్ని చిన్న సంగతిగా నేను చూడలేను.

తీగ మళ్ళీ ఇంట్లోకి రావడం ఫైబర్‌తో జరిగింది. రాష్ట్రంలో ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ వెలగపూడిలో ప్రారంభించారు. అప్పట్లో నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్, టీవీ చానళ్ళు, ఫోను, మూడూ ఒకే తీగ మీద. ఆ పథకంలో నాకు బాగా నచ్చింది ఒకటుంది. నేల తవ్వకుండా, ఉన్న కరెంటు స్తంభాల మీదుగానే కేబుల్ లాగారు. తవ్వాలంటే పట్టే ఏళ్ళూ డబ్బూ మిగిలాయి. ఊళ్ళో కేబుల్ టీవీ నడిపే కుర్రాడే ఇంటింటికీ కనెక్షన్ ఇచ్చాడు. ఆ తర్వాత మిగతా కంపెనీల ఫైబర్లూ వచ్చాయి. కరోనా లాక్‌డౌన్‌లో హైదరాబాద్, బెంగళూరు నుంచి సాఫ్ట్‌వేర్ పిల్లలు ఇళ్ళకు వచ్చేసరికి తీగ లేని ఇంటికి కూడా తీగ కావాల్సి వచ్చింది. అలా సినిమా కోసం, చదువు కోసం, ఉద్యోగం కోసం వచ్చిన తీగ ఇంట్లో ఉంది. అదే గదిలో, గుడ్డసంచిలో ఫోను ఉంది. రెండిటినీ కలిపే మీట కూడా ఆ ఫోన్లోనే ఉంది.

కవరులో కవరు

వైఫై కాలింగ్‌ను చాలామంది వాట్సాప్ కాల్‌తో కలగలిపేస్తారు. తేడా పెద్దది. వాట్సాప్‌కు అటూ ఇటూ ఇద్దరి దగ్గరా ఆ యాప్ ఉండాలి, నెట్ ఉండాలి. వైఫై కాలింగ్‌లో మీ నంబరు మీదే, ఎప్పుడూ నొక్కే డయలరే. అవతల ఉన్నది ల్యాండ్‌లైన్ అయినా, గ్యాస్ ఏజెన్సీ అయినా, బ్యాంకు అయినా, కీప్యాడ్ ఫోను పట్టుకున్న కౌలురైతు అయినా మాట వెళ్తుంది. వాళ్ళకు వైఫై అక్కర్లేదు. మీకొచ్చే కాల్ కూడా ఆ దారినే మీ గదిలోకి వస్తుంది. పెద్దవాళ్ళు కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేకపోవడమే నా దృష్టిలో దీని గొప్ప.

లోపల జరిగేది ఉత్తరాల భాషలో చెప్పొచ్చు. మామూలుగా మీ మాటను టవరు అందుకుంటుంది. వైఫై కాల్‌లో ఫోను మీ మాటను సెకనుకు యాభై చిన్న ముక్కలుగా కోస్తుంది. ఒక్కో ముక్కలో సెకనులో యాభయ్యో వంతు మాట. ప్రతి ముక్కనూ తాళం వేసిన కవరులో పెడుతుంది. ఆ కవరును ఇంకో కవరులో పెట్టి, పైన మీ సిమ్ కంపెనీ ద్వారం చిరునామా రాస్తుంది. ఆ ద్వారాన్ని ఇంజనీర్లు 'ఈపీడీజీ' అంటారు. మీ బ్రాడ్‌బ్యాండ్ పోస్ట్‌మ్యాన్ లాంటిది. కవరు చేరవేస్తుంది, లోపలేముందో దానికి కనిపించదు. ద్వారం దగ్గర కంపెనీ ముందు మీ సిమ్‌ను పరీక్షిస్తుంది. సిమ్‌లో దాగి ఉన్న రహస్య అంకెతోనే ఆ పరీక్ష. టవరు దగ్గర జరిగేదీ సరిగ్గా అదే. నమ్మకం కుదిరాక మీ మాట 4జీ కాల్ వెళ్ళే నెట్‌వర్క్‌లోకే వెళ్ళి కలుస్తుంది. అందుకే మాట్లాడుతూ ఇంట్లోంచి బయటికొచ్చినా, బయట 4జీ బాగుంటే కాల్ తెగకుండా టవరు మీదికి మారిపోతుంది. మా పెద్దమ్మ ఇంట్లో వాకిలి సగం దాటితే తెగిపోతుంది, బయట అందుకునే సిగ్నల్ లేదు గనక.

డేటా ఎక్కువ తింటుందేమోనన్న భయం అక్కర్లేదు. అయిదు నిమిషాల కాల్‌కు 5 ఎంబీ లోపేనని ఎయిర్‌టెల్ ఈ సేవ మొదలుపెట్టినప్పుడే చెప్పింది. మనవడు ఒక్క వీడియో చూస్తే అంతకు ఎన్నో రెట్లు పోతుంది.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. అమెరికాలో టీ-మొబైల్ కంపెనీ 2007 జూన్‌లోనే 'హాట్‌స్పాట్ ఎట్ హోమ్' పేరుతో ఇంటి వైఫై మీద సెల్ కాల్స్ మొదలుపెట్టింది. అప్పుడు దానికి పనికొచ్చిన ఫోన్లు రెండే, నోకియా 6086, శామ్‌సంగ్ టీ409. నెలకు అదనపు రుసుము కూడా ఉండేది. 2014 సెప్టెంబరులో ఐఫోన్ కొత్త సాఫ్ట్‌వేర్‌లో ఈ సదుపాయం చేరాక ప్రపంచం దృష్టి ఇటు మళ్ళింది.

మన దగ్గర చట్టం ఆలస్యంగా కదిలింది. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై వాడకానికి లైసెన్సు అక్కర్లేదని 2005 జనవరిలో తేల్చారు. ఇంటర్నెట్ మీదుగా మామూలు ఫోన్ నంబర్లకు కాల్ చేయడంపై మాత్రం ఏళ్ళ తరబడి వాదం నడిచింది. టెలికాం శాఖ 2018 జూన్‌లో దారి తెరిచింది. ఎయిర్‌టెల్ 2019 డిసెంబరు 10న ఢిల్లీ ప్రాంతంలో మొదలుపెట్టి, నెల తిరగకముందే మన సర్కిల్‌కూ తెచ్చింది. మొదట్లో సొంత ఫైబర్ మీదే పనిచేసేది. తర్వాత అన్ని బ్రాడ్‌బ్యాండ్‌లకూ తెరిచారు. జియో 2020 జనవరిలో దేశమంతటా, ఏ వైఫై మీదైనా అంటూ వచ్చింది. వొడాఫోన్ ఐడియా అదే ఏడాది డిసెంబరులో మహారాష్ట్ర-గోవా, కోల్‌కతా సర్కిళ్ళతో మొదలుపెట్టింది. మా ఊళ్ళలో పెద్దవాళ్ళు చాలామంది అంటిపెట్టుకున్న బీఎస్ఎన్ఎల్ 2025 అక్టోబరు 2న దక్షిణ, పశ్చిమ ప్రాంతాల్లో ప్రారంభించి, 2026 జనవరి 1న దేశమంతటికీ విస్తరించింది. ఎవరూ దీనికి విడిగా డబ్బు తీసుకోరు. మీ ప్లానులోని కాల్సే.

'మన సర్కిల్' అన్నానుగా, మా సరిహద్దు ఊళ్ళకు అది అక్కరకొచ్చే సంగతి. 2014 జూన్ 2న రాష్ట్రం రెండైంది. టెలికాం లైసెన్సు లెక్కలో ఆంధ్ర, తెలంగాణ ఇంకా ఒకే సర్కిల్. గరికపాడు చెక్‌పోస్టు దాటి కోదాడలో కూతురింటికి వెళ్తే బస్సు ఆగుతుందేమో గాని, ఫోనుకు సరిహద్దు తెలియదు.

జగ్గయ్యపేట బాబాయి తలుపులు వేసి చూశాడు

పెద్దమ్మ ఇంట్లో సులువుగా అయిన పని జగ్గయ్యపేట పాతబస్తీలో మా బాబాయి ఇంట్లో కాలేదు. ఆయన రిటైరైన లెక్కల మేష్టారు. దేన్నయినా పరీక్షించందే నమ్మడు. ఇరుకు సందు, పొడవాటి ఇల్లు, రాతి గోడలు. ఆన్ చేశాం, వైఫై నిండుగా ఉంది, అయినా కాల్ టవరు మీదే పోతోంది, తెగుతోంది. ఆయన గదిగదికీ వెళ్ళి, తలుపులు వేసి, తీసి, ఒక కాగితం మీద లెక్క రాసుకున్నాడు. "వీధి వైపు గదిలో ఒక గీత సిగ్నల్ ఉంది. అది ఉన్నంతసేపూ ఫోను టవర్నే పట్టుకు వేలాడుతోందిరా" అని తేల్చాడు. సరిగ్గా అదే జబ్బు. కొన్ని ఫోన్లలో సెట్టింగ్ లోపల 'వైఫైకి ప్రాధాన్యం', 'మొబైల్ నెట్‌వర్క్‌కు ప్రాధాన్యం' అని రెండు వరసలుంటాయి. మొదటిది ఎంచుకోవాలి. అది లేని ఫోన్లలో ఒక ఉపాయం: ఏరోప్లేన్ మోడ్ ఆన్ చేసి, ఆపైన వైఫైని మళ్ళీ ఆన్ చేయడం. ఫోనుకు టవరే కనిపించదు, చచ్చినట్టు వైఫై దారి పడుతుంది.

మెట్ట ఊళ్ళలో ఇంట్లో పిల్లలెవరైనా ఈ వారం చేయగలిగిన పని గనక దారి కూడా చెబుతాను. ఆండ్రాయిడ్ ఫోన్లో సెట్టింగ్స్, అందులో నెట్‌వర్క్ లేదా కనెక్షన్స్, అందులో సిమ్. అక్కడ 'వైఫై కాలింగ్' మీట ఉంటుంది. పక్కనే వోల్టీ (4జీ కాల్ మీట) ఉంటే అదీ ఆన్‌లో ఉండాలి. ఐఫోన్లో సెట్టింగ్స్, మొబైల్ డేటా, వైఫై కాలింగ్. రెండు సిమ్‌లుంటే రెండిటికీ విడివిడిగా. మీట కనబడకపోతే ఫోను సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి చూడాలి. చవక కీప్యాడ్ ఫోన్లలో చాలావాటిలో ఈ సదుపాయం ఉండదు. ఇది మాత్రం నిజంగా బాధపెట్టే సంగతి, ఎందుకంటే మెట్లెక్కలేని వాళ్ళలో ఎక్కువమంది చేతిలో ఉన్నవి అవే.

మాట మధ్యలో అక్షరాలు మింగేస్తుంటే తప్పు వైఫై కాలింగ్‌ది కాకపోవచ్చు. అదే సమయంలో పక్కగదిలో వీడియోలు నడుస్తుండొచ్చు. రూటరు ఇనప బీరువా వెనకో, టీవీ కిందో ఇరికించి ఉండొచ్చు. దాన్ని ఎత్తులో, ఇంటి నడిమధ్య పెట్టాలి. మా బాబాయి చివరికి చేసింది అదే. వీధిగది అటక మీదున్న రూటరును మధ్యగదికి మార్పించాడు. తీగ పది గజాలు ఎక్కువైంది.

ఇంకో హెచ్చరిక. ప్రాణం మీదికొచ్చి 108కో 112కో ఫోన్ చేసినప్పుడు ఫోను ముందు టవరు కోసమే వెదుకుతుంది. వైఫై మీద కలిసినా, మీరెక్కడున్నారో అవతలివాళ్ళకు సరిగ్గా తెలియకపోవచ్చు. ఊరు, వీధి, ఇంటి గుర్తు నోటితో చెప్పాలి. ఇది పెద్దవాళ్ళకు ముందే నేర్పి ఉంచాల్సిన మాట. ఓటీపీ సందేశాలు కూడా చాలా ఫోన్లలో వైఫై మీదుగానే వస్తాయి, అన్నిట్లోనూ కాదు.

డాలస్ నంబరు ముక్త్యాలలో

మా దగ్గర ఒక పిల్లో పిల్లవాడో అమెరికాలో లేని వీధి తక్కువ. ఈ తీగ వాళ్ళకూ అక్కరకొస్తుంది. టీ-మొబైల్ సిమ్ ఉన్నవాళ్ళు సెలవులకు వచ్చి, ఇక్కడి ఇంటి వైఫై మీద వైఫై కాలింగ్ పెట్టుకుంటే, అమెరికా నంబర్లకు చేసే కాల్స్‌కు విడిగా ఛార్జీ పడదు. డాలస్ నంబరు ముక్త్యాలలో నాయనమ్మ మంచం పక్కన మోగుతుంది. అన్ని అమెరికన్ కంపెనీలూ ఇండియా నుంచి దీన్ని అనుమతించవు. బయల్దేరే ముందే కనుక్కోవాలి.

తిరుగుదారిలో ఇంకా పెద్ద అవసరం ఉంది. ఆరు నెలలకని కొడుకు దగ్గరికి వెళ్ళే తల్లిదండ్రులకు ఇక్కడి పింఛను బ్యాంకు ఓటీపీలు అక్కడ ఉండగానే కావాలి. కొడుకింటి వైఫై మీద ఇక్కడి సిమ్‌ను నడపడానికి ఒక్కో కంపెనీకి, ఒక్కో దేశానికి ఒక్కో నిబంధన. విమానం ఎక్కకముందే మీ కంపెనీని అడిగి, ఫోన్లో మీట ఆన్ చేసుకుని వెళ్ళండి. అక్కడికెళ్ళాక అడగడానికి ఫోనే పనిచేయకపోవచ్చు.

మున్నేరు పొంగిన రోజు

బోరు ఉందని కాలువను మరిచిపోతే ఏమవుతుందో 2024లోనే చూశాను. ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల వానకు మున్నేరు, పాలేరు రెండూ పొంగాయి. ఐతవరం దగ్గర నీళ్ళు జాతీయ రహదారి మీదికొచ్చాయి. అంతకు ముందటి ఏడు జులైలోనూ అక్కడ ఇదే జరిగింది. గరికపాడు దగ్గర పాలేరు వంతెన దెబ్బతింది. హైదరాబాద్, విజయవాడ మధ్య రాకపోకలు ఆగిపోయాయి. పెద్దమ్మ ఊరికి నీళ్ళు రాలేదు, కరెంటు పోయింది. కరెంటు పోతే రూటరు ఆగుతుంది, రూటరు ఆగితే వైఫై లేదు. ఆమె ఫోను రెండు రోజులు మోగలేదు. మూడో రోజు పొద్దున ఆమే చేసింది. గొంతు వినగానే తెలిసింది, వెనకాల గాలి హోరు. వానకు తడిసి పాకుడు పట్టిన మెట్ల మీద, గోడ పట్టుకుని, పదకొండో మెట్టు దాకా ఎక్కింది.

ఆ వారంలోనే రూటరుకు చిన్న యూపీఎస్ కొన్నాం. రెండు వేల లోపే. పన్నెండు వోల్టుల రూటరును మూడు నాలుగు గంటలు నడుపుతుంది. ఫైబర్‌లో ఒక సుగుణముంది. ఇంటికీ కేబుల్ ఆపరేటరు గదికీ మధ్య స్తంభాల మీద కరెంటు అవసరమైన పెట్టెలు సాధారణంగా ఉండవు, వెలుగు దానంతటదే చీలి వస్తుంది. కాబట్టి మన ఇంట్లో యూపీఎస్, ఆపరేటరు గదిలో ఇన్వర్టరు ఉంటే ఊరు చీకట్లో ఉన్నా మాట నడుస్తుంది. స్తంభమే కూలితే మాత్రం ఏదీ లేదు.

ఇప్పుడు బోరు ఖర్చు సంగతి. సిమ్‌కు నెలనెలా రీఛార్జి కడుతున్నాం. నెట్‌కు బిల్లు కడుతున్నాం. రూటరు మనది, కరెంటు మనది, యూపీఎస్ మనది. ఒక్కో వైఫై కాల్‌కు టవరు మోయాల్సిన బరువును మన ఇల్లు మోస్తోంది. దాని గురించి నాకు ఫిర్యాదు లేదు, పెద్దమ్మ మోకాళ్ళకు ఆ సాయం అంతకన్నా విలువైంది. కానీ ఇంత మేలు చేసే మీట గురించి సిమ్ అమ్మిన రోజున ఒక్క మాట తెలుగులో చెప్పకపోవడాన్ని నేను క్షమించలేను. రీఛార్జి గడువు మూడు రోజుల్లో ముగుస్తుందని రోజుకు నాలుగుసార్లు గుర్తుచేసే ఫోనుకు, 'మీ ఇంట్లో సిగ్నల్ తక్కువగా ఉంది, వైఫై కాలింగ్ ఆన్ చేయమంటారా' అని అడగడం ఎంత పని? ఫైబర్ బిగించడానికి వచ్చే కుర్రాళ్ళకు రూటరు దీపాలు వెలిగాక ఇంట్లోవాళ్ళ ఫోన్లలో ఈ మీట నొక్కి వెళ్ళాలని చెబితే చాలు, సగం ఊళ్ళలో పని అయిపోతుంది. ఇంటింటికీ వైఫై కాలింగ్ వచ్చింది గనక ఈ మెట్టలో టవరు అక్కర్లేదనే లెక్క ఎవరైనా వేస్తే, అది తప్పుడు లెక్క. తీగ లేని ఇళ్ళు ఉన్నాయి, కీప్యాడ్ ఫోన్లు ఉన్నాయి, పొలంలో పాము కరిచిన మనిషి ఉన్నాడు. బోరు వేసుకున్నామని కాలువ హక్కు రాసివ్వలేదు.

ఇప్పుడు నేను వారానికి రెండుసార్లు కాదు, దాదాపు రోజూ చేస్తున్నాను. ఒకప్పుడు మా మాటలు అయిదు నిమిషాల్లో ముగిసేవి. ఎండెక్కుతోందనో, నడుం నొప్పి అనో, కింద పాలు పొంగుతాయనో. ఇప్పుడు నలభై నిమిషాలు. అప్పట్లో ఆమె వెనకాల గాలి, కాకులు, సుబాబుల్ కర్ర వేసుకెళ్ళే ట్రాక్టర్లు వినిపించేవి. ఇప్పుడు ఆ ఇల్లు వినిపిస్తోంది. గోడగడియారం కొట్టేది, కుక్కరు మూడో విజిల్, మనవడు పుస్తకం గట్టిగా చదివేది, పెదనాన్న మందు వేసుకున్నాడో లేదో ఆమె అక్కణ్ణుంచే అడిగేది.

మొన్న మాటల మధ్యలో ఉన్నట్టుండి గొంతు తగ్గించింది. కోడలి గురించి ఏదో చెప్పబోయి ఆగింది. "ఉండరా, తలుపు దగ్గరికేసి వస్తా" అంది.